స్క్రీన్ సేవర్ మనమే తయారు చేసుకుందాం



మేమిచ్చిన కంప్యూటర్ల మీద పిల్లలు ఏం నేర్చుకుంటున్నారని మీలో చాలామంది ఏటా అడుగుతుంటారు. ఎంతమంది చేరారు, ఎంతమంది పరీక్ష రాశారు అని చెప్పి ఊరుకోవడం మాకు అలవాటైపోయింది. ఈసారి అలా కాకుండా మన కేంద్రంలో చెప్పిన ఒక పాఠాన్నే ఉన్నదున్నట్టు మీ ముందు పెడుతున్నాం. ఇంట్లో డెస్క్‌టాప్ కంప్యూటరు, పదో తరగతి దాటిన పిల్లలు ఉంటే ఒక సెలవు రోజున దీన్ని చేసి చూడవచ్చు. కంప్యూటర్ జోలికి పోనివారు కూడా మొదటి భాగం, చివరి భాగం తప్పక చదవాలని మా కోరిక. ఎందుకంటే ఈ పాఠం పుస్తకంలోంచి పుట్టలేదు. మేము చేసిన ఒక పొరపాటులోంచి పుట్టింది.

పొరపాటు ఎక్కడ జరిగింది

మన కార్యాలయంలో గుమ్మానికి ఎదురుగా ఒక బల్ల, దాని మీద ఒక కంప్యూటర్ ఉండేవి. సహాయం కోరి వచ్చేవారి వివరాలు అందులోనే ఎక్కించేవాళ్ళం. పేరు, వీధి, ఇంట్లో ఎంతమంది, నెలకు వచ్చేదెంత, ఎందుకు అడుగుతున్నారు, అన్నీ ఒకే పట్టికలో ఉండేవి. ఒకరోజు మధ్యాహ్నం బల్ల దగ్గర పనిచేసే తమ్ముడు ఆ పట్టికను అలాగే తెరిచి ఉంచి నమాజుకు వెళ్ళాడు. ఆ కాసేపట్లోనే ఒక పెద్దాయన చందా కట్టడానికి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఆయనకు ఏ దురుద్దేశమూ లేదు. ఎదురుగా వెలుగుతున్న తెర మీదికి చూపు పోయింది, అంతే. అందులో వాళ్ళ పక్కింటి ఖాలా పేరు కనిపించింది. ఆ రాత్రి ఇంట్లో ఆయన జాలిపడి అన్న మాట తెల్లారేసరికి వీధంతా పాకింది.

ఆ ఖాలా కొడుకు ఫీజు కోసం అర్జీ పెట్టుకున్నారు. రెండు రోజుల తర్వాత వచ్చి, "నా కాగితాలు నాకిచ్చెయ్యండి బాబూ" అని అడిగి తీసుకుని వెళ్ళిపోయారు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే మాకు ఎక్కువ బాధ కలిగించింది. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్న మాట వింటూ పెరిగినవాళ్ళం. ఇచ్చేవారి పేరు దాచడం గురించి ఎంతో ఆలోచించాం గానీ, పుచ్చుకునేవారి పేరు గుమ్మానికి ఎదురుగా వెలుగుతోందని మాకు తట్టలేదు.

ఆ రోజే బల్లను తిప్పి తెరను గోడవైపు పెట్టాం. లేచేముందు తప్పకుండా తాళం వేయాలని తమ్ముడికి చెప్పాం. కీబోర్డు మీద విండోస్ గుర్తు ఉన్న మీటను, ఎల్ అక్షరాన్ని కలిపి నొక్కితే చాలు. అయితే మనిషన్నాక మరచిపోతాడు. మనిషి మరచిపోయినా యంత్రం తనంతట తానే తెర దించుకునే ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటు పేరే స్క్రీన్ సేవర్.

విండోస్‌లో రెడీమేడ్‌గా ఉన్నవి వాడుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. మేమూ అలాగే మొదలుపెట్టాం. ముందు 'బ్లాంక్' అనే నల్లతెర పెట్టాం. దాన్ని చూసి కంప్యూటర్ ఆగిపోయిందనుకుని ఎవరో పవర్ బటన్ నొక్కారు. సగం ఎక్కించిన దరఖాస్తులు పోయాయి. తర్వాత తరగతి గదిలో ఒక కంప్యూటర్‌కు 'ఫోటోస్' అనే స్క్రీన్ సేవర్ పెట్టాం. అది పిక్చర్స్ ఫోల్డర్‌లో ఉన్న బొమ్మలన్నీ ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తుంది. ఆ కంప్యూటర్ ఒక దాత ఇచ్చింది. ఐదు నిమిషాల తర్వాత వాళ్ళింటి పెళ్ళి ఫోటోలు తెర మీద తిరగడం మొదలైంది. పిల్లలే పరుగున వచ్చి చెప్పారు. దాంతో మాకు కావలసిన తెర మనమే తయారు చేసుకుందామని, దాన్నే పాఠంగా చెబుదామని నిర్ణయించుకున్నాం.

స్క్రీన్ సేవర్ ఎందుకు పుట్టింది

పాత కంప్యూటర్ల మానిటర్లు టీవీ పెట్టెల్లా వెనక్కి పొడుచుకుని ఉండేవి. లోపల గాజు గొట్టం, గాజు వెనక ఫాస్ఫర్ అనే పొడి పూత ఉండేవి. ఎలక్ట్రాన్ల ధార వచ్చి తగిలితే ఆ పూత వెలిగేది. ఒకే చోట ఒకే అక్షరం గంటల తరబడి, నెలల తరబడి వెలిగితే అక్కడి పూత మిగతా చోట్ల కంటే ముందు అరిగిపోయేది. అప్పుడు మానిటర్ ఆపేసినా ఆ అక్షరాల మరక గాజు మీద కనిపించేది. దీన్నే బర్న్-ఇన్ అంటారు. ఎవరూ పనిచేయనప్పుడు తెరను నల్లగా చేస్తే లేదా బొమ్మను కదుపుతూ ఉంటే ఈ అరుగుదల తప్పుతుంది. తెరను కాపాడేది కాబట్టి దానికి స్క్రీన్ సేవర్ అని పేరొచ్చింది.

ఐబీఎం పీసీ కోసం జాన్ సోచా అనే ఆయన రాసిన ఇలాంటి ప్రోగ్రామ్ 1983 డిసెంబరులో 'సాఫ్ట్‌టాక్' అనే పత్రికలో అచ్చయింది. మూడు నిమిషాలు ఏ మీటా నొక్కకపోతే అది తెరను నల్లగా చేసేది. 1989లో బర్క్‌లీ సిస్టమ్స్ అనే సంస్థ మ్యాకింటోష్ కోసం 'ఆఫ్టర్ డార్క్' తెచ్చింది. రెక్కలున్న బ్రెడ్ టోస్టర్లు తెర మీద ఎగురుతూ పోయే ఆ బొమ్మ ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. చూపు సరిగా లేనివారు కంప్యూటర్ వాడుకునేలా సాఫ్ట్‌వేర్ చేసిన సంస్థ కూడా అదే కావడం విశేషం.

దాతలకు నచ్చే ముచ్చట ఇంకొకటి ఉంది. 1999 మే నెలలో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం 'సెటి ఎట్ హోమ్' అనే స్క్రీన్ సేవర్‌ను విడుదల చేసింది. అంతరిక్షం నుంచి రేడియో టెలిస్కోపుకు అందిన సంకేతాలను అది చిన్న చిన్న ముక్కలుగా ఇళ్ళలోని కంప్యూటర్లకు పంపేది. ఇంటివాళ్ళు పని ఆపి లేచినప్పుడు ఆ కంప్యూటర్ ఈ లెక్కలు చేసిపెట్టేది. లక్షలాది మంది అందులో చేరారు. 2020 మార్చిలో పని పంచడం ఆపేవరకు అది ఇరవై ఏళ్ళు నడిచింది. ఖాళీగా ఉన్న కంప్యూటర్ సమయాన్ని కూడా దానం చేయవచ్చని అది చూపించింది.

ఈనాటి పల్చని ఎల్‌సీడీ తెరలకు ఫాస్ఫర్ పూత అరిగే ఇబ్బంది లేదు. కరెంటు ఆదా కావాలంటే మానిటర్‌ను ఆపేయడమే మంచిది. స్క్రీన్ సేవర్ కరెంటు ఆదా చేయదు, కదిలే బొమ్మల కోసం కంప్యూటర్ పనిచేస్తూనే ఉంటుంది. ఈ నిజం పిల్లలకు ముందే చెప్పాం. ఇప్పుడు దాని అవసరం రెండు పనులకే. తెర మీద ఉన్నది పరాయి కంటపడకుండా దాచడం, వచ్చినవారికి నాలుగు మంచి మాటలు చూపించడం.

లోపల ఉన్నదేమిటి

స్క్రీన్ సేవర్ అంటే ఏదో మాయ అని పిల్లలు అనుకున్నారు. నిజానికి అది మామూలు ప్రోగ్రామే. విండోస్‌లో ప్రోగ్రామ్ ఫైలు పేరు చివర ఈఎక్స్ఈ అనే తోక ఉంటుంది. ఆ తోక తీసి ఎస్‌సీఆర్ అని పెడితే విండోస్ దాన్ని స్క్రీన్ సేవర్‌గా గుర్తిస్తుంది.

అయితే విండోస్ ఆ ప్రోగ్రామ్‌ను మూడు సందర్భాల్లో పిలుస్తుంది. పిలిచేటప్పుడు ఒక గీత, ఒక అక్షరం చెవిలో వేస్తుంది. 'స్లాష్ ఎస్' అంటే తెరంతా పరుచుకుని పని మొదలుపెట్టు అని. 'స్లాష్ సి' అంటే సెట్టింగుల కిటికీ చూపించు అని. 'స్లాష్ పి' అంటే ఎంపిక చేసే చోట కనిపించే బుల్లి మానిటర్ బొమ్మలో నమూనా చూపించు అని. మన ప్రోగ్రామ్ ఈ మూడింటికీ సరైన జవాబు చెబితే చాలు.

కావలసిన సరంజామా

విండోస్ 10 లేదా 11 ఉన్న కంప్యూటర్, మైక్రోసాఫ్ట్ వారి విజువల్ స్టూడియో కమ్యూనిటీ ఎడిషన్ ఉండాలి. విద్యార్థులు దీన్ని ఉచితంగా వాడుకోవచ్చు. భాష సి షార్ప్. కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడు 'విండోస్ ఫార్మ్స్ యాప్' అనే పేరుతో రెండు రకాలు కనిపిస్తాయి. అందులో 'డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్' అని పక్కన రాసి ఉన్నదాన్ని ఎంచుకోవాలి. దానితో ప్రోగ్రామంతా ఒకే ఫైలుగా వస్తుంది. రెండోదానితో ప్రోగ్రామ్ పక్కన మరికొన్ని ఫైళ్ళు వస్తాయి, ఒక్కదాని తోక మార్చి పెడితే పనిచేయదు. మా తరగతిలో మొదటి పూట ఇక్కడే పోయింది.

మొదటి మెట్టు: నల్లని తెర

ప్రాజెక్టు తెరవగానే ఖాళీ కిటికీ ఒకటి కనిపిస్తుంది. దాన్ని ఫార్మ్ అంటారు. పక్కనున్న ప్రాపర్టీల పట్టికలో ఈ మార్పులు చేయాలి.

1. 'ఫార్మ్‌బోర్డర్‌స్టయిల్'ను 'నన్' అని పెట్టాలి. చుట్టూ ఉన్న చట్రం, పైనున్న మూసే గుర్తు పోతాయి.
2. 'బ్యాక్‌కలర్'ను నలుపు చేయాలి.
3. 'విండోస్టేట్'ను 'మాక్సిమైజ్డ్' చేయాలి. కిటికీ తెరంతా పరుచుకుంటుంది.
4. 'టాప్‌మోస్ట్'ను 'ట్రూ' చేయాలి. మిగతా అన్ని కిటికీల పైన ఇదే ఉంటుంది.
5. 'షోఇన్‌టాస్క్‌బార్'ను 'ఫాల్స్' చేయాలి.
6. 'డబుల్‌బఫర్డ్'ను 'ట్రూ' చేయాలి. బొమ్మ కదిలేటప్పుడు మిణుకుమిణుకు తగ్గుతుంది.

ఫార్మ్ తెరుచుకునేటప్పుడు మౌస్ బాణాన్ని దాచే 'కర్సర్ డాట్ హైడ్' అనే ఒక్క వరుస రాయాలి.

రెండో మెట్టు: బయటికి వచ్చే దారి

ఇంకేమీ రాయకముందే బయటికి వచ్చే దారి కట్టుకోవాలి. లేకపోతే నల్లతెర ముందు కూర్చుని ఎలా ఆపాలో తెలియక తికమకపడాలి. అలా చిక్కుకుంటే ఆల్ట్ మీటను, ఎఫ్4 మీటను కలిపి నొక్కితే మూతపడుతుంది.

ఏ మీట నొక్కినా ఆగిపోవాలి కాబట్టి ఫార్మ్‌కు ఉన్న 'కీడౌన్' అనే ఘటనలో 'అప్లికేషన్ డాట్ ఎగ్జిట్' అని రాయాలి. మౌస్ నొక్కినా అంతే.

మౌస్ కదిపినప్పుడు మాత్రం ఒక చిక్కుంది. కిటికీ తెరుచుకోగానే మనం మౌస్‌ను ముట్టుకోకపోయినా అది కదిలిందని విండోస్ ఒకసారి కబురు పంపుతుంది. ఆ కబురు నమ్మితే మన స్క్రీన్ సేవర్ తెరుచుకున్న మరుక్షణమే మూసుకుపోతుంది. అందుకే మొదటిసారి కబురు వచ్చినప్పుడు మౌస్ ఎక్కడుందో గుర్తుపెట్టుకుని ఊరుకోవాలి. తర్వాత కబుర్లు వచ్చినప్పుడు ఆ చోటు నుంచి అడ్డంగా గానీ నిలువుగా గానీ ఐదు చుక్కల కంటే ఎక్కువ జరిగితేనే ఆపాలి. బల్ల కాస్త అదిరినా మౌస్ ఒకటి రెండు చుక్కలు జరుగుతుంది. దానికే ఆగిపోతే తెర దించి ఏం లాభం?

మూడో మెట్టు: కదిలే మాట

ఇప్పుడు ఫార్మ్ మీద ఒక లేబుల్, ఒక టైమర్ పెట్టాలి. లేబుల్ అంటే మాట రాసే పలక. టైమర్ అంటే చెప్పినంత సేపటికోసారి గంట కొట్టే గడియారం. లేబుల్ మీద తెల్లని పెద్ద అక్షరాలతో "కంప్యూటర్ పనిలోనే ఉంది, ఆపవద్దు" అని రాశాం. పవర్ బటన్ నొక్కినవారి కోసమే ఆ మాట.

టైమర్‌ను 50 మిల్లీసెకండ్లకు పెట్టాలి. సెకనుకు 20 సార్లు గంట కొడుతుంది. గంట కొట్టిన ప్రతిసారీ లేబుల్ మూడు చుక్కలు జరిగితే సెకనుకు 60 చుక్కలు నడుస్తుంది. తెర వెడల్పు 1366 చుక్కలు, మాట వెడల్పు 400 చుక్కలు అనుకుందాం. నడవడానికి మిగిలేది 966 చుక్కలు. 966ను 60తో భాగిస్తే సుమారు 16 సెకన్లు. అంటే ఈ అంచు నుంచి ఆ అంచుకు పోవడానికి 16 సెకన్లు పడుతుంది. కంటికి హాయిగా ఉండే నడక అది. ఏడో తరగతి లెక్కే ఇది. "ఈ భాగహారం ఇక్కడికి పనికొస్తుందా సార్" అని ఒక విద్యార్థిని అడిగింది. ఆ ప్రశ్న మాకు చాలా సంతోషం కలిగించింది.

గంట కొట్టినప్పుడు చేయాల్సిన పని ఇది. అడ్డంగా ఉన్న స్థానానికి అడ్డం వేగాన్ని, నిలువుగా ఉన్న స్థానానికి నిలువు వేగాన్ని కలుపు. అంచు తగిలితే ఆ వేగానికి ముందున్న గుర్తును మార్చు, ప్లస్ అయితే మైనస్, మైనస్ అయితే ప్లస్. గోడకు తగిలిన బంతి వెనక్కి వచ్చినట్టు మాట వెనక్కి వస్తుంది.

ఇక్కడ మరచిపోయే అంశం ఒకటుంది. మౌస్ బాణం లేబుల్ మీద ఉన్నప్పుడు నొక్కినా కదిపినా ఆ కబురు ఫార్మ్‌కు పోదు, లేబుల్‌కు పోతుంది. అందుకే బయటికి వచ్చే దారి లేబుల్‌కు కూడా కట్టాలి. లేబుల్ స్థానాలు వేరుగా లెక్కకు వస్తాయి కాబట్టి మౌస్ స్థానాన్ని తెర మొత్తానికి సంబంధించిన 'కర్సర్ డాట్ పొజిషన్' నుంచి తీసుకోవాలి.

నాలుగో మెట్టు: వణికే మాట

ఒకే మాట ఎందుకు, నాలుగైదు మాటలు వరుసగా రావాలని పిల్లలు పట్టుబట్టారు. 30 సెకన్లకోసారి, అంటే 600 గంటలకోసారి మాట మారేలా రాశాం. అప్పుడు వింత జరిగింది. కొన్నిసార్లు మాట కుడి అంచుకు అతుక్కుని అక్కడే గజగజ వణుకుతూ ఉండిపోయేది.

కారణం ఏమిటో రెండు రోజులు వెతికాం. చివరికి వెనక బెంచీ అబ్బాయి కాగితం మీద గీసి చూపించాడు. చిన్న మాట కుడి అంచు దగ్గర ఉండగా దాని చోట పెద్ద మాట వస్తే అది అంచు దాటి బయటికి పోతుంది. గంట కొట్టగానే ప్రోగ్రామ్ గుర్తు మార్చి మూడు చుక్కలు లోపలికి జరుపుతుంది. అయినా మాట ఇంకా బయటే ఉంది. కాబట్టి మళ్ళీ గుర్తు మారుతుంది, మూడు చుక్కలు బయటికి జరుగుతుంది. లోపలికి, బయటికి, లోపలికి, బయటికి. ఇదే వణుకు.

మందు కూడా అతనే చెప్పాడు. గుర్తును తిప్పవద్దు, దిశను ఖరారు చేయాలి. కుడి అంచు దాటితే వేగం మైనస్ మూడే. ఎడమ అంచు దాటితే వేగం ప్లస్ మూడే. పైన, కింద కూడా అంతే. ఎన్నిసార్లు అడిగినా జవాబు మారదు కాబట్టి మాట లోపలికి వచ్చేదాకా ఒకే వైపు నడుస్తుంది. మాట వెడల్పు తెర వెడల్పును మించకుండా మాత్రం చూసుకోవాలి.

ఐదో మెట్టు: తెలుగు, ఉర్దూ

మాటలను ప్రోగ్రామ్ లోపల రాస్తే మార్చాలన్నప్పుడల్లా ప్రోగ్రామ్ తెలిసినవాళ్ళే కావాలి. అందుకే వాటిని వేరే టెక్స్ట్ ఫైల్లో పెట్టి, వరుసకొకటి చొప్పున చదివేలా రాశాం. ఫైలును పబ్లిక్ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఉంచి, దాని పూర్తి చిరునామా ప్రోగ్రామ్‌లో ఇవ్వాలి. ఫైలు పేరొక్కటే ఇస్తే స్క్రీన్ సేవర్‌గా నడిచేటప్పుడు దొరక్కపోవచ్చు.

నోట్‌ప్యాడ్‌లో ఫైలు దాచేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఉందో లేదో చూడాలి. ఏఎన్ఎస్ఐ అని ఉంటే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. అక్షరాలకు విండోస్‌తో వచ్చే 'నిర్మలా యూఐ' ఫాంటు సరిపోతుంది. ఉర్దూ మాట కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి ఆ వరుస వచ్చినప్పుడు లేబుల్‌కు 'రైట్‌టులెఫ్ట్' అనే ప్రాపర్టీని 'యెస్' చేయాలి. లేకపోతే చివరి చుక్క ముందుకు వచ్చి కూర్చుంటుంది.

ఆరో మెట్టు: మూడు పిలుపులకు జవాబు

ప్రోగ్రామ్ మొదలయ్యే చోటును 'మెయిన్' అంటారు. విండోస్ చెవిలో వేసిన అక్షరాన్ని అక్కడ చూడాలి. పెద్ద అక్షరంలో రావచ్చు, చిన్న అక్షరంలో రావచ్చు కాబట్టి ముందు అన్నిటినీ చిన్నవి చేసుకోవాలి. 'స్లాష్ సి' తర్వాత కొన్నిసార్లు ఒక అంకె కూడా అతుక్కుని వస్తుంది. అందుకే మొత్తం మాటను కాకుండా మొదటి రెండు గుర్తులను మాత్రమే పోల్చాలి.

'స్లాష్ ఎస్' వస్తే మన ఫార్మ్ తెరవాలి. 'స్లాష్ సి' వస్తే, లేదా ఏమీ రాకపోతే, సందేశాలు మార్చాలంటే ఏ ఫైలు తెరవాలో చెప్పే చిన్న పెట్టె చూపించాలి. 'స్లాష్ పి' వస్తే ఏమీ చేయకుండా నిశ్శబ్దంగా ముగించాలి. బుల్లి మానిటర్‌లో నమూనా చూపించడం కాస్త కష్టమైన పని, దాన్ని తర్వాత నేర్చుకోవచ్చు. కానీ ఆ పిలుపును అసలు పట్టించుకోకుండా వదిలేస్తే జాబితాలో పేరు ఎంచుకోగానే తెరంతా నల్లబడి భయపెడుతుంది.

ఏడో మెట్టు: పెట్టుకోవడం

ప్రోగ్రామ్‌ను 'రిలీజ్' పద్ధతిలో బిల్డ్ చేస్తే ప్రాజెక్టులోని బిన్ ఫోల్డర్‌లో, రిలీజ్ అనే ఫోల్డర్ లోపల ఈఎక్స్ఈ ఫైలు ఉంటుంది. దాని తోకను ఎస్‌సీఆర్ అని మార్చాలి. అంతకుముందు ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' అనే గడిని టిక్ చేయాలి. తోకలు కనిపించకుండా మారిస్తే ఉన్న తోక మీద ఇంకో తోక వచ్చి కూర్చుంటుంది. తర్వాత ఫైలును సి డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో, సిస్టమ్32 అనే ఫోల్డర్‌లోకి కాపీ చేయాలి. దీనికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడుగుతుంది.

సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో లాక్ స్క్రీన్, దాని అడుగున స్క్రీన్ సేవర్ అనే లింకు ఉంటుంది. జాబితాలో మన ఫైలు పేరు కనిపిస్తుంది. ఎంచుకుని ఎన్ని నిమిషాలకు రావాలో చెప్పాలి. కార్యాలయం బల్లకు మేము 2 నిమిషాలు పెట్టాం. మానిటర్ ఆగే సమయం పవర్ సెట్టింగుల్లో దీనికంటే ఎక్కువ ఉండాలి. లేకపోతే మన తెర పడేలోపే మానిటర్ ఆగిపోతుంది. మేము దాన్ని 10 నిమిషాలకు పెట్టాం.

తెర వేరు, తాళం వేరు

పాఠమంతటిలో ముఖ్యమైన మాట ఇది. స్క్రీన్ సేవర్ కేవలం తెర. మౌస్ కదిపితే తొలగిపోతుంది. వెనక ఉన్న పట్టిక అలాగే ఉంటుంది. తాళం కావాలంటే అదే కిటికీలో నిమిషాల పక్కనున్న 'ఆన్ రెజ్యూమ్, డిస్‌ప్లే లాగాన్ స్క్రీన్' అనే గడిని టిక్ చేయాలి. కంప్యూటర్ ఖాతాకు పాస్‌వర్డ్ ఉండాలి. పాస్‌వర్డ్ లేని ఖాతాకు ఈ టిక్కు పెడితే గడియ లేని తలుపు మూసినట్టే.

పాస్‌వర్డ్ అడిగే పెట్టె మనమే రాద్దామని కొందరు పిల్లలు ఉత్సాహపడ్డారు. వద్దన్నాం. తాళం పని విండోస్‌ది. మనం రాసిన పెట్టెను తప్పించుకునే దారులు ఎన్నో ఉంటాయి. మనకు చేతనైన పని మనం చేసి, మిగతాది ఆ పని తెలిసినదానికి వదిలేయడం కూడా నేర్చుకోవలసిన పాఠమే.

ఇంకో జాగ్రత్త. ఎస్‌సీఆర్ ఫైలు కూడా ప్రోగ్రామే అని పైన చెప్పాం. కాబట్టి అందమైన స్క్రీన్ సేవర్ అని ఈమెయిల్లోనో వాట్సాప్‌లోనో వచ్చేవాటిని తెరవకండి. ఆ తోక చాటున వైరస్‌లు పంపడం పాత ఎత్తుగడ.

తెర మీద ఏం రాయాలి

ప్రోగ్రామ్ పూర్తయ్యాక తెర మీద దాతల పేర్లు తిరిగేలా పెడదామని ఒక సూచన వచ్చింది. మంచి ఉద్దేశమే. చర్చకు పెట్టాం. "పుచ్చుకునేవాళ్ళ పేర్లు దాచడానికి కదా ఇది మొదలుపెట్టాం, ఇచ్చేవాళ్ళను ఎవరు అడిగారు" అన్నది ఒక అమ్మాయి. ఇక ఎవరూ మాట్లాడలేదు. ఇప్పుడు మన తెర మీద ఎవరి పేరూ లేదు. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు తేవలసిన కాగితాలు, కుట్టు శిక్షణ తరగతుల వేళలు, కార్యాలయం తెరిచి ఉండే సమయం, ఆ మొదటి హెచ్చరిక, ఇవే తిరుగుతుంటాయి.

దాతలకు ఒక మనవి

పాత కంప్యూటర్ ఇచ్చేముందు దయచేసి మీ సొంత వివరాలు తుడిచి ఇవ్వండి. ఫైళ్ళు తీసేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే సరిపోదు, వాటిని తిరిగి తీయగల సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ముందు మీ ఫోటోలు, కాగితాలు వేరే చోట దాచుకోండి. తర్వాత సెట్టింగ్స్‌లో రికవరీ అనే చోట 'రీసెట్ దిస్ పీసీ' ఎంచుకుని, 'రిమూవ్ ఎవ్రీథింగ్' నొక్కండి. అక్కడే సెట్టింగులు మార్చే చోట 'క్లీన్ డేటా' అనేదాన్ని 'యెస్' చేయండి. కొన్ని గంటలు పడుతుంది గానీ మీ ఇంటి విషయాలు మీ ఇంట్లోనే ఉంటాయి. ఎలా చేయాలో తెలియకపోతే మన విద్యార్థులు మీ ఇంటికే వచ్చి, మీ ఎదురుగానే చేసిపెడతారు.

చివరిగా ఆ ఖాలా సంగతి. మేము వాళ్ళింటికి వెళ్ళి క్షమాపణ అడిగాం. టీ ఇచ్చి కూర్చోబెట్టి మాట్లాడారు. కాగితాలు మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఆ ఏడాది ఫీజు చుట్టాల దగ్గర అప్పు చేసి కట్టారని తర్వాత తెలిసింది. ఆ అప్పు మా నిర్లక్ష్యం వల్ల అయినదే. అది మీకు చెప్పకుండా ఈ పాఠం ఒక్కటే గొప్పగా చెప్పుకోవడం మాకు న్యాయమనిపించలేదు.

ఇప్పుడు మీరు మన కార్యాలయానికి వస్తే బల్ల పక్కకు తిరిగి ఉంటుంది. తమ్ముడు లేచి వెళ్ళిన రెండు నిమిషాలకు నల్లతెర మీద తెల్లని అక్షరాలు నెమ్మదిగా నడుస్తుంటాయి. మీరిచ్చిన కంప్యూటర్ మీద, మన పిల్లలు రాసిన తెర అది. దాని వెనక ఎవరి పేర్లున్నాయో మీకు కనిపించదు. కనిపించకూడదనే దాన్ని అక్కడ పెట్టాం.